మామూ కోటులో నేను

ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, నాలుగు ముక్కలు ఇంగ్లీషు వస్తే చాలు, ఉద్యోగం జేబులో పడ్డట్టేనని శంషాబాద్ కుర్రాళ్ళందరం అనుకునేవాళ్ళం. నాకు అలాగే పడింది. ఎలా పడిందో మాత్రం ఇన్నేళ్ళూ సగమే చెప్పుకున్నాను. చెప్పని సగం నా దోస్తుకు సంబంధించింది. పహాడీ షరీఫ్ నుంచి వచ్చి నాతోపాటు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేవాడు. అందరం మామూ అని పిలిచేవాళ్ళం.

మా సార్‌కి ‘ఓన్’, ‘పొసెస్’ అనే మాటల మీద మహా పట్టుదల. "హక్కుంటే ఓన్. దగ్గరుంటే పొసెస్. దొంగ చేతిలో గొలుసుంటే పొసెస్ చేస్తున్నాడంటాం, ఓన్ అనం. ధైర్యం, నిజాయితీ లాంటి గుణాలకూ పొసెస్సే" అని బల్ల గుద్ది చెప్పేవారు (బల్ల కిరాయిది).

ఒకేరోజు మా ఇద్దరికీ ఎయిర్‌పోర్టు దగ్గరి ఓ హోటల్లో ఇంటర్వ్యూ. ఉన్నది ఒకటే కోటు, అక్క పెళ్ళికి మామూ కుట్టించుకున్నది. "అరే, ముందు నీ నంబరే గద, నువ్వేస్కో. అయిపోంగనే ఉరికొచ్చి నాకియ్యి. ఎదురుంగ చాయ్ బండి కాడ ఉంట. జర యాదుంచుకో, నువ్వు పొసెస్, నేను ఓన్!" అన్నాడు.

లోపల నా గుణగణాలు అడిగారు. "ఐ పొసెస్ హానెస్టీ, సర్" అన్నాను, మామూ కోటు గుండీ సవరించుకుంటూ. పావుగంటలో బయటపడ్డాను. వెంటనే పరుగెత్తాల్సింది. కానీ ముందు ద్వారం అద్దంలో దర్జాగా ఒకడు కనిపించాడు, చూస్తే నేనే. ఇంతలో పెట్టెలతో కారు దిగిన పెద్దమనిషి, "సార్, రిసెప్షన్ ఎటు?" అన్నాడు. బుద్ధెరిగాక నన్ను సార్ అన్న మొదటి మనిషి! చెయ్యి చాచి దారి చూపించాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు అడక్కుండానే చూపించాను. నాకు సోయి వచ్చేసరికి మామూ పేరు పిలిచేశారు. వాడు చెమటకు తడిసిన చొక్కాతోనే లోపలికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు.

"డ్రెస్ మంచిగ లేదంటుర్రు" అన్నాడు.

"నన్ను గిప్పటిదాక లోపల్నే కూసోబెట్టిర్రు రా" అన్నాను.

ఉద్యోగం నాకొచ్చింది. ఆ సంతోషంలో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించినవాడు కూడా మామూనే.

మొన్న రంజాన్‌కి వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడు ఎయిర్‌పోర్టుకి క్యాబులు తిప్పుతున్నాడు, బాగానే ఉన్నాడు. షీర్ ఖుర్మా పాయసం గిన్నె చేతికిచ్చాక ఇక ఆగలేకపోయాను. "మామూ, గా దినం నన్నెవ్వరు కూసోబెట్టలే. నేనే..."

"ఎర్కే. ట్రాఫిక్ పోలీస్ లెక్క చేతులు ఊపుతుంటివి. చాయ్ బండి కాడ నిలబడి అంతా చూసిన."

"మరి కేకెయ్యకపోతివి?"

"కోటు నాదని ఒర్రితే నీ నౌకరి గూడ పోతుండె కద రా!"

గిన్నె కింద పెట్టి, వాడి రెండు చేతులూ పట్టుకున్నాను. నా తరఫునా, అద్దం ముందు మురిసిపోతున్న ఆ ఇరవయ్యేళ్ళ వెధవ తరఫునా చెప్పాను: "మాఫ్ చెయ్ మామూ. నీ నౌకరి నేనే పోగొట్టిన."