మరువం వాసన వస్తోందా?

మా అపార్ట్‌మెంట్లో కొందరు ఇప్పటికీ ఒక మాట అనుకుంటుంటారు. పై అంతస్తు వాళ్ల గృహప్రవేశానికి నా భార్య వాసన రాని కొవ్వొత్తులు తెలిసే అంటగట్టిందని. ఒకసారి లిఫ్టులో నా వెనకే అన్నారు. నేను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. ఆమెకు తెలియదు. తెలిసే వీలే లేదు. తెలిసింది నాకు.

కరోనా తగ్గాక ఆమెకు వాసన తిరిగి రాలేదు. పోపు మాడితే పొగ కనిపించాకే తెలిసేది. పాలు విరిగాయా, పప్పు పులిసిందా అని గిన్నె నా దగ్గరికి తెచ్చేది. రోజూ ఘాటైన వాసనలు పీల్చి సాధన చేయమన్నారు డాక్టరు గారు. లవంగం, నిమ్మ, నీలగిరి, మరువం నూనెల సీసాలు తెప్పించాం. చాలాకాలం పీల్చింది. ఏమీ రాలేదు. ఇంట్లో తప్ప బయట ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు.

"ఊరికే పారేసేదెందుకబ్బా, నాకు రాకపోతే ఇంకొకరికి వస్తుంది కదా" అని ఆ సీసాలతోనే సోయా మైనం కొవ్వొత్తులు మొదలుపెట్టింది.

నల్లగండ్లలో మా వంటిల్లు చిన్నది. గట్టు మీద సబ్బు తురుములా ఉండే మైనం, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె, థర్మామీటరు, గాజు గ్లాసుల మధ్య ఒత్తి నిటారుగా నిలవడానికి బట్టల క్లిప్పులు. మొదట్లో అన్నీ తప్పులే. పైన ఉప్పు పేరినట్టు తెల్లటి మచ్చలు వచ్చేవి. ఒత్తి చుట్టూ గుంత పడేది. వెలిగిస్తే నడుమ బావిలా కరిగి, అంచున మైనం గోడలా మిగిలిపోయేది. ఒత్తి లావుదైతే గ్లాసు మూతి మసిబారేది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి బయటపడేది. ఆమె విసుక్కోలేదు. గ్లాసులు వెచ్చబెట్టి పోసింది. ఎండాకాలంలో ఫ్యాను ఆపి, చెమటలు కారుతున్నా మెల్లగా చల్లారనిచ్చింది. వెడల్పు గ్లాసులు మాని సన్నవి తెచ్చింది. మసి రాకుండా ఒత్తి కూడా సన్నది వేసింది. కంటికి కనబడే తప్పులన్నీ పోయాయి. చూస్తే అంగడి సరుకులా ఉండేవి. మిగిలింది వాసన. అది చెప్పడం నా పని.

మొదట్లో నిజంగానే చూసేవాణ్ణి. ఒకరోజు "కొంచెం తక్కువగా ఉంది" అన్నాను. ఆమె ఆ వాయి మొత్తం కరిగించి మళ్లీ పోసింది. వంట ఆలస్యమైంది. తింటున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆ తర్వాతే మసి పోవాలని సన్న ఒత్తికి మార్చింది. ఆ తర్వాతే నాకూ 'బాగుంది' అనడం సులువని తెలిసింది.

సాయంత్రాలు కొత్తగూడ ట్రాఫిక్ దాటి వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని బాల్కనీలో మీటింగులో కూర్చునేవాణ్ణి. ఆమె వెలుగుతున్న గ్లాసు పళ్లెంలో పెట్టుకుని వచ్చేది.

"వాసన వస్తాందా?"

"వస్తాంది."

"నిన్నటికంటే ఎక్కువా, తక్కువా?"

"బాగుంది."

"బాగుందంటే ఎట్లబ్బా? ఉప్మా కూడా బాగుందనే అంటారు మీరు!"

నవ్వి బొటనవేలు పైకెత్తేవాణ్ణి. ఏమీ వచ్చేది కాదు. మూత తీసిన చల్లటి గ్లాసులో కాస్త మరువం తగిలేది. వెలిగిస్తే వేడిగాలి తప్ప ఏమీ లేదు. ఆ మాట నోటిదాకా వచ్చేది. మళ్లీ కరిగిస్తుందని, మళ్లీ ఏడుస్తుందని మింగేసేవాణ్ణి. ఇంకా నిజం చెప్పాలంటే, అవతల మీటింగులో నా వంతు వస్తుందని.

పై అంతస్తు ఆవిడది ఇక్కడి ఊరే. తెల్లాపూర్ వైపు కొత్త ఇల్లు కట్టుకున్నా, పిల్లల బడి కోసం ఇంకా మా పైనే ఉంటున్నారు. గృహప్రవేశానికి వచ్చిన వాళ్లందరికీ ఇవ్వడానికి మరువం కొవ్వొత్తులు కావాలంది. నా భార్య ఎంత సంతోషంగా చేసిందో నేను చూశాను. ఫంక్షన్ అయ్యాక ఆవిడ ఒక గ్లాసు పట్టుకుని కిందికి వచ్చింది.

"ఏమనుకోకు వదినా. చూడనీకి మస్తు ముద్దుగున్నయ్. గని వెలిగిస్తే వాసనే వస్తలేదు. మా మామ ముక్కు కాడ పెట్టుకొని చూసిండు. మీసం కాల్తదని నేనే గుంజుకున్న."

నా భార్య కూడా నవ్వింది. నవ్వుతూనే నా వైపు తిరిగింది. "ఈయన చూసినారు కదా వదినా. రోజూ చూసినారు."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"అప్పుడు వచ్చింది మరి" అన్నాను. "నూనె సరుకులో ఏదో తేడా ఉండుంటుంది."

"గదే అయ్యుంటది అన్నా" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నా భార్య ఆ తేడా వెతకడం మొదలుపెట్టింది. నూనె అమ్మినతనికి ఫోన్ చేసి గొడవపడింది. మైనం ఇంకా వేడిగా ఉండగా నూనె కలిపింది, తర్వాత ఇంకాస్త చల్లార్చి కలిపింది. గ్లాసులు అలమారలో వారాల తరబడి మగ్గబెట్టింది. ఒత్తి జోలికి మాత్రం పోలేదు. ఆ ఒత్తితో వాసన బాగా వచ్చిందని నేనే చెప్పాను కదా. ఆఫీసులో నేను చేసేది సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. మొదటి ఫలితమే అబద్ధమైతే ఎంత వెతికినా తప్పు దొరకదని నాకు తెలుసు. తెలిసీ ఆమె వెతుకుతుంటే పక్కన కూర్చుని చూశాను.

ఒక ఆదివారం గ్లాసులన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని కూర్చుంది. "మైనం అదే, నూనె అదే, ఒత్తి అదే. ముందు వచ్చిన వాసన ఇప్పుడేమైపోయింది?"

"ముందు కూడా రాలేదు" అన్నాను.

థర్మామీటరు మెల్లగా కింద పెట్టింది. "ఎప్పటినుంచి?"

"సన్న ఒత్తి వేసినప్పటినుంచి."

"ఏంటికి చెప్పలేదు?"

మీటింగుల గురించి ఏదో మొదలుపెట్టి ఆపేశాను. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఎదురుగా ఉన్న గ్లాసుకు మూత పెడుతూ అడిగింది. "మొన్న పప్పు పులవలేదన్నారే. నిజంగా చూసినారా?"

"చూశాను."

"పెండ్లికి పోయినప్పుడు నా చీర చెమట వాసన రాలేదంటిరి?"

"నిజంగా రాలేదు."

అది నిజం. కానీ ఆ నిజాన్ని రుజువు చేయడానికి నా దగ్గర మళ్లీ నా మాట తప్ప ఏముంది?

అందరికీ నేనే చెప్తానన్నాను. "వద్దు" అంది. "ఇప్పుడు మోసగత్తె అనుకుంటాండారు. చెప్తే, వాసన తెలీనామె కొవ్వొత్తులు చేస్తాందని నవ్వుతారు. రెండిట్లో ఏది మేలో నాకు తెలీడంలేదు."

చివరికి పై ఆవిడతో తనే చెప్పుకుంది. "గంతేనా వదినా! నా ముక్కున్నది గద, పట్కరా. ఫికర్ చెయ్యకు" అందట ఆవిడ. మిగతా వాళ్ల కోసం నేను ఇది రాస్తున్నాను. ఆమెను అడిగే రాస్తున్నాను. "రాసుకోండి" అంది, తలెత్తకుండా.

ఇప్పుడు ఒత్తి కాస్త లావుది వేస్తోంది; మైనం బాగా కరిగితేనే అందులోని నూనె వాసన లేస్తుందట. నేను హెడ్‌ఫోన్ తీసేసి, కూర్చుని, శ్రద్ధగా పీల్చి చెప్తున్నాను. రాకపోతే రాలేదని, కొంచెం వస్తే కొంచెమని. తల ఊపి వింటుంది.

నిన్న సాయంత్రం వెలిగించిన కాసేపటికే మరువం హాలంతా నిండింది. పడగ్గది దాకా వచ్చింది. "వస్తాంది. ఇల్లంతా వస్తాంది."

"అట్లనా" అంది. మంట ఆర్పి, మూత పెట్టి, చెప్పులేసుకుని, గ్లాసు పట్టుకుని పైకి వెళ్లే లిఫ్టు దగ్గరికి నడిచింది.