బక్కాయనకి తొమ్మిది ఓట్లు

ఆ రోజుల్లో, అంటే ఫోన్లు ఇంకా ఫోన్లుగానే ఉన్న రోజుల్లో, ఉద్యోగం నిలబెట్టుకోవడానికి చిన్నా చితకా అబద్ధాలు ఆడటం నాకు తప్పుగా తోచేది కాదు. వాటిని ఎంతకాలం మొయ్యాలో ముందుగా ఆలోచించుకోకపోవడం ఒక్కటే నాలో లోపం. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో నా మొదటి ప్రాజెక్ట్‌లో చేరిన రోజున మా మేనేజర్ (గుబురు మీసాల అమెరికన్ పెద్దమనిషి, మేం చాటుగా మీసాలాయన అనేవాళ్లం) "బాస్కెట్‌బాల్ చూస్తావా?" అని అడిగితే, "అయ్యో, ప్రాణం!" అనేశాను. బంతిని నేలకేసి కొట్టాలనీ, చివరికి బుట్టలో వెయ్యాలనీ తప్ప నాకు ఇంకేమీ తెలియదు. ఆయన గదిలో గోడ మీద మా ఊరి టీమ్‌లో ఆడే ఒక సన్నటి మనిషి ఫోటో ఉండేది. నేను ఆయనకి బక్కాయన అని పేరు పెట్టుకున్నాను. బక్కాయన ఏటా బాగానే ఆడతాడట గానీ, లీగ్ మొత్తంలోంచి మేటి ఆటగాళ్లని ఏరి ఆడించే ఆల్-స్టార్ జట్టులోకి ఒక్కసారీ ఎంపిక కాలేదట. అందులో ఆట మొదలుపెట్టే వాళ్లని అభిమానులే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మీసాలాయన మీసాలు కిందికి వాలిపోయేవి.

చలికాలంలో ఒక శుక్రవారం ఆయన నా బల్ల మీద రెండు వందల బ్యాలెట్ల కట్ట పెట్టాడు. ఆట చూడ్డానికి వెళ్లినవాళ్లకి ఊరికే పంచే అట్టకాగితాలవి. ప్రతి పేరు పక్కనా చిన్న గుండ్రటి చుక్క, దాన్ని పొడిచి రంధ్రం చేస్తే ఓటు పడినట్టు. ఒక్కో మనిషి ఎన్ని పొడిచినా అడిగే నాథుడు లేడు. "సోమవారానికి అన్నీ మనవాడికే పడాలి. నువ్వు పెద్ద ఫ్యాన్‌వి కదా!" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "అన్నట్టు, నీ కాంట్రాక్ట్ ఎక్స్‌టెన్షన్ సంగతి కూడా సోమవారమే మాట్లాడుకుందాం" అన్నాడు. ఆయన ఆ రెండు ముక్కల్నీ విడివిడిగానే అని ఉంటాడు. నా చెవిలో మాత్రం ఒకటిగానే పడ్డాయి. ఎక్స్‌టెన్షన్ రాకపోతే ప్రాజెక్ట్ లేదు, ప్రాజెక్ట్ లేకపోతే వీసా గట్టిగా నిలవదు. అలా నా బతుకు బక్కాయన చేతిలో పడింది.

శనివారం పొద్దున్నే కార్పెట్ మీద కూర్చుని, అమ్మ గోనెసంచులు కుట్టే దబ్బనంతో టకటకా పొడవడం మొదలుపెట్టాను. (అమెరికాకి దబ్బనం ఎందుకు తెచ్చావని అంతకుముందే అమ్మతో పోట్లాడి ఉన్నాను.) ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మానాన్నలు అప్పటికి రెండు నెలలుగా నా దగ్గర ఉన్నారు. నాన్న డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఏ ఎన్నికలొచ్చినా ఆయనకి పోలింగ్ డ్యూటీ పడేది.

"ఏంటమ్మలూ అవి?" అన్నారు.

"ఓట్లు నాన్నా."

"ఎవరివి?"

"ఎవరివీ కాదు. అన్నీ నేనే వేసేస్తున్నా."

నాన్న కళ్లజోడు తీసేశారు. "రిగ్గింగా? నా ఇంట్లోనా?"

"ఇది నా ఇల్లు నాన్నా."

"మరీ ఘోరం!"

"ఇక్కడ ఇది మామూలే. అందరూ ఇలాగే వేస్తారు."

"బాక్సు ఎత్తుకుపోడానికొచ్చినోళ్లు కూడా 'ఇక్కడ మామూలే సార్' అనే అన్నారు. బాక్సు మీద ఎక్కి కూర్చున్నానే గానీ ఇచ్చానా?"

ఉద్యోగం సంగతి చెప్పి ఏడుపుమొహం పెట్టాను. ఆయన కాస్త మెత్తబడి, "ఓట్లే గదా కావాలి? ఎలక్షన్ పెడదాం. నీవాడు గెలిచేవాడైతే గెలుస్తాడు" అని దబ్బనం లాక్కున్నారు.

ఆదివారం పది గంటలకి పోలింగ్. మా అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్లందరి పేర్లతో నాన్న ఓటర్ల జాబితా రాశారు. నా బట్టల క్లోజెట్ పోలింగ్ బూత్ అయింది, రైస్ కుక్కర్ వచ్చిన అట్టపెట్టె బ్యాలెట్ బాక్సయింది. అందులో ఏమీ లేదని అందరికీ తిరగేసి చూపించాకే మూతకి టేపు వేశారు. ఆడవాళ్లకో లైను, మగవాళ్లకో లైను. ఓటేసిన ప్రతివాళ్ల ఎడమ చూపుడువేలు గోటి మీదా నా ఊదారంగు నెయిల్ పాలిష్ గీత. బయట మంచు కురుస్తుంటే మా కారిడార్‌లో జాకెట్లు వేసుకుని నలభై మంది నిలబడ్డారు. నేను లైను దగ్గరికెళ్లి మెల్లిగా "ఆంటీ, ఆ సన్నటాయనకి..." అన్నానో లేదో, లోపల్నుంచి నాన్న కేక: "బూత్‌కి వంద మీటర్ల లోపు ప్రచారం నిషేధం!" మా కాంప్లెక్స్ మొత్తం ఆ వంద మీటర్లలోనే ఉంది. అమ్మ పళ్లెంతో తెచ్చిన మైసూర్ బజ్జీలు కూడా ప్రలోభం కిందికి వస్తాయని, పోలింగ్ అయ్యేదాకా వంటింట్లోనే ఉంచేశారు. "ఆటలో స్థానాన్ని బట్టి ఇద్దరు గార్డులు, ఇద్దరు ఫార్వర్డులు, ఒక సెంటర్. అంతకు మించి పొడిస్తే ఓటు చెల్లదు" అని ప్రతి ఒక్కరికీ చదివి వినిపించారు. నేను ఆవకాయ అన్నం సగంలో వదిలేసి వెళ్లి, పెద్ద అభిమానిలాగా ధీమాగా ఓటేసి వచ్చాను.

నాలుగింటికి లెక్కింపు. మొత్తం పోలైనవి నలభై మూడు, చెల్లనివి ఆరు, బక్కాయనకి తొమ్మిది. అందరికంటే ఎక్కువ ఓట్లు, పేరు పలకడానికి తేలిగ్గా ఉన్న వేరే ఊరి ఆటగాడెవరికో వచ్చాయి. నాన్న అన్నిటినీ కవర్లో పెట్టి, కొవ్వొత్తి మైనంతో సీలు వేసి, వాడని నూట యాభై ఏడు బ్యాలెట్లూ విడిగా కట్టగట్టి, పైన ఇంగ్లీషులో ఒక ధ్రువపత్రం రాసి సంతకం చేశారు.

సోమవారం మీసాలాయన ఆ సీలుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ధ్రువపత్రాన్ని రెండుసార్లు చదివాడు. ఆ తరవాత, "మన ప్రాజెక్ట్ టీమ్‌లో మగాళ్లు ముగ్గురు ఒకే గోటికి ఊదారంగు వేసుకొచ్చారు. అడగొచ్చో లేదో తెలీక పొద్దుట్నుంచీ గింజుకుంటున్నాను" అన్నాడు. ఇక లాభం లేదని నాన్న సంగతీ, నా మొదటిరోజు అబద్ధమూ కక్కేశాను. ఆయన పకపకా నవ్వి, చాలాసేపటికి ఆగి, గోడ మీది ఫోటో వైపు తిరిగాడు. "ఇన్నేళ్లుగా వేలకొద్దీ నేనే పొడుస్తున్నాను. నేను కాకుండా ఇతన్ని కావాలనుకున్నవాళ్లు తొమ్మిది మంది ఉన్నారని నాకు ఇవాళే తెలిసింది" అన్నాడు. ఎక్స్‌టెన్షన్ కాగితం అప్పటికే సంతకమై సొరుగులో ఉందట. దాంతోపాటు ఒక ఆటకి మూడు టికెట్లు కూడా ఇచ్చి, "ఆఫీసర్‌గారిని తీసుకురా" అన్నాడు.

బక్కాయన ఆ ఏడు కూడా ఎంపిక కాలేదు. ఆట చూడ్డానికి వెళ్లినప్పుడు అమ్మ మాత్రం "పాపం, ఆ పిల్లాడికి ఎవరైనా కాస్త నెయ్యేసి పెడితే బాగుణ్ణు" అంది. తొమ్మిదిలో ఒకటి ఎవరిదో నాకు అప్పుడే తెలిసిపోయింది. నాన్నదెవరికో మాత్రం తెలియలేదు. ఎన్నో ఏళ్ల తరవాత ఒకసారి ఫోన్లో అడిగాను.

"రహస్య ఓటమ్మా. నువ్వు అడక్కూడదు, నేను చెప్పకూడదు" అన్నారు. మళ్లీ తనే, "చెల్లని ఆరింట్లో ఒకదాని మీద మాత్రం ఆవకాయ నూనె వేలిముద్ర ఉంది. బక్కాయనతో కలిపి ముగ్గురు గార్డుల్ని పొడిచారెవరో" అన్నారు.

ఉద్యోగమంతా ఒక్క పేరు మీద వేలాడుతున్నప్పుడు, ఆ ఒక్క ఓటూ చెల్లకుండా వేసి, ధీమాగా నడిచొచ్చిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కూతురి ఉద్యోగం పోతుందేమోనని తెలిసి కూడా, ఆ కాగితాన్ని చెల్లని కట్టలోనే పెట్టిన నాన్నని తలుచుకుంటే మాత్రం నవ్వుతో పాటు కళ్లు కూడా చెమరుస్తాయి.