బొందు పట్టీలో గది అడ్వాన్సు

పుస్తకాన్ని నమ్మి విదేశం వెళ్లే మరో అమ్మాయి నాలా నవ్వులపాలు కాకూడదని ఇది రాస్తున్నాను.

ఐర్లాండ్‌లో చదువుకు బయలుదేరే ముందు, ఏలూరు గ్రంథాలయంలో చదివిన పాత యాత్రా పుస్తకం చెప్పినట్టే, యూరోలన్నీ చుడీదార్ ప్యాంటు బొందు పట్టీలో పెట్టి కుట్టేశాను. బ్యాంకు కౌంటర్ చేరేదాకా తీయకూడదనీ అందులోనే ఉంది.

అక్కడ దిగిన రోజే మధ్యాహ్నంలోగా ఇంటి యజమాని ఖాతాలో అడ్వాన్సు కట్టకపోతే గది పోతుంది. కౌంటర్ దగ్గర ఎంత లాగినా కుట్టు ఊడలేదు. నాతో గది పంచుకోబోయే, భీమవరం పక్క ఉండి ఊరి అమ్మాయి సుజాత చున్నీ అడ్డుపెట్టి, “ఎవరు కుట్టారండీ అక్కా? మా చేపల చెరువు వలలైనా ఇంత గట్టిగా ఉండవండీ!” అంది.

“నేనే. రెండు వరుసలు వేయమన్నారు పుస్తకంలో.”

క్యాషియర్ కత్తెర ఇచ్చింది. నోట్లు బయటపడ్డాయి కానీ, కుట్టుతో పాటు బొందూ తెగింది. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చేత్తో డబ్బు కట్టాను. గది దక్కింది, పాండిత్యం దిగింది.

చున్నీ పట్టిన సుజాతకు, అడగకుండానే రెండు పిన్నీసులు కూడా ఇచ్చిన క్యాషియర్ మేరీ గారికి కృతజ్ఞతలు.