వంగని ఛాసిస్

ఏడేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. తీర్పు చెప్పమని కాదు. వినండి, చాలు.

మాది జగిత్యాల వైపు. రియాద్‌లో సులై దగ్గర ఒక షెడ్డులో వడ్రంగిగా చేశాను. ఆ షెడ్డుకు ఒక పాత ట్రైలర్ వచ్చింది. కారు వెనక తగిలించుకుని ఎడారిలోకి షికారు పోయే చిన్న ఇల్లు. లోపల మంచం, పొయ్యి, అలమారాలు. వయసులో నాకంటే పెద్దది. దాని యజమాని అబూ సాలెహ్, ఉనైజాలో పంతులుగా చేసి రిటైరైన ముసలాయన. పెళ్ళైన కొత్తలో కొన్నాడట. భార్య పోయాక దాన్ని మళ్ళీ కొత్తదాన్ని చేయాలని పట్టుబట్టాడు. అంత పాత బండికి బజారు ధరంటూ ఉండదు కదా, ఇన్సూరెన్సు వాళ్ళు ఫొటోలు తీసుకుని, ముందే ఒక విలువ ఒప్పుకుని పాలసీ ఇచ్చారు.

అప్పుడే నితాకత్, లెవీల గొడవ. పనులు సౌదీవాళ్ళకే ఇవ్వాలని, పరాయి దేశపు పనివాడిని పెట్టుకుంటే తలకింత పన్ను కట్టాలని. మనిషికింతని కట్టలేక మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన షెడ్డు యజమాని, ఒక్కొక్కరినే ఇంటికి పంపేశాడు. నన్ను మాత్రం పంపలేదు. ఆ పాత చెక్కపని నాకొక్కడికే వచ్చు. బండి అయిపోనీ, మర్నాడే నీకు ఖురూజ్, దేశం దాటే కాగితం, చేయిస్తా, ఇంటికి పో అన్నాడు. బండి అయితేగా! అలమారా అయిందంటే ముసలాయన వచ్చి తలుపులు మార్చమనేవాడు. తలుపులు మారిస్తే కిటికీలు. అలా రెండేళ్ళు. నా ఇఖామా, అక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు తీరిపోయింది. దాని ఫీజు కఫీల్ కట్టలేదు. గేటు దాటితే పోలీసులు పట్టుకుంటారని భయం. పన్ను నొప్పికి ఆసుపత్రికి పోలేక ఎనిమిది నెలలు లవంగాలు నమిలాను. నేను వచ్చేనాటికి పాకుతున్న నా కూతురు బడికి పోతోందని ఫోనులో విన్నాను. కోపం రాదా? మీకైతే రాదా?

ఒక మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ ట్రైలర్‌ను గుద్దింది. ఒక పక్క గోడంతా లోపలికి పోయింది. రెండేళ్ళ నా పని. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నష్టం చూడడానికి వచ్చిన సర్వేయరు మన తెలుగాయనే, గుంటూరు వైపు మనిషి. రేకు సొట్టపడితే బాగుచేయిస్తామని, కింద బండిని మోసే ఇనుప చట్రం, ఛాసిస్, వంగితే మాత్రం టోటల్ లాస్ అని, ఒప్పుకున్న డబ్బిచ్చేసి బండిని తుక్కుకు పంపుతామని చెప్పాడు. మంచి భారీ మనిషి. బండి కింద దూరలేక దారం నా చేతికిచ్చాడు. ఒక మూల నుంచి ఎదురు మూలకు లాగాలి, తర్వాత మిగతా రెండు మూలలకు. రెండు కొలతలూ ఒకటైతే ఛాసిస్ తిన్నగా ఉన్నట్టు.

లాగాను. రెండూ ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు.

“ఏవయ్యా, తేడా ఎంతుంది?” అని బయటి నుంచి అడిగాడు.

నేను వెల్లకిలా పడుకునే దారం చుట్టేశాను.

“మూడు వేళ్ళంత ఉన్నది సార్.”

“సరిగ్గా చూశావా? ముసలాయనకి ఇదంటే ప్రాణం. డబ్బు వద్దు, బాగుచేయించండి చాలు అంటున్నాడు. నీ మాట మీదే రాస్తున్నాను మరి.”

“రాసుకోండ్రి సార్. ఇగ అది మంచిగ గాదు.”

రాశాడు. నన్నెవరూ బెదిరించలేదు, లంచం ఇవ్వలేదు. నోరు నాది, అబద్ధం నాది. వారం తిరక్కుండా క్రేను వచ్చింది. ముసలాయన ట్రైలర్ తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. క్రేను డ్రైవరు హారన్ కొట్టేదాకా తియ్యలేదు. నేను పక్కనే ఉన్నాను. కఫీల్ మాట తప్పలేదు, కాగితాలు చేయించాడు.

నేను బయల్దేరే రోజు ముసలాయన ఖర్జూరాల పెట్టె పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. నాకర్థమయ్యేలా అరబ్బీ నెమ్మదిగా మాట్లాడాడు.

“నన్ను మన్నించు. ఈ లెవీలతో అందర్నీ పంపేస్తున్నారు కదా. నా బండికి పనున్నన్నాళ్ళు నీకూ పనుంటుందని, అక్కర్లేకపోయినా అవీ ఇవీ మార్పించాను. చివరికి నీ పని నిలబెట్టలేకపోయాను.”

అంటే రెండేళ్ళు నన్ను కట్టేసింది ఈయన మంచితనమా? ఇంటికి పోతానని ఒక్కసారి అంటే ఒక్క రోజులో పని ఆపేసేవాడు. నేనెందుకు అనలేదు? కూలివాడు బండి యజమానికి అలా ఎలా చెబుతాడు? సరే, ఆయనెందుకు అడగలేదు? మేలు చేసేవాడు చేయించుకునేవాణ్ణి ఒక్కమాట అడగొద్దా? ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, దాచను. ఆ దారం మళ్ళీ నా చేతికిస్తే మళ్ళీ మూడు వేళ్ళే చెబుతాను.

అయితే ఇన్నేళ్ళూ నన్ను తొలిచింది ఆ అబద్ధం కాదు. ఆ రోజు ఆయన నా చెయ్యి పట్టుకుని జవాబు కోసం చూస్తున్నాడు. నిజం చెప్పడానికి అదొక్కటే సమయం. నేను పెద్దమనిషిలా ఆయన భుజం తట్టి, ఫర్వాలేదు, మన్నించానన్నాను.