దిష్టి నీళ్ళు పోసిన ఎరువు తొట్టి

సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొస్తున్న రోజులవి. పుదుచ్చేరి కదిర్కామంలో అద్దెకుండేవాళ్ళం. పక్కింటి రాణి అక్క గుప్పెడు వానపాములిస్తే పెరట్లో చిన్న ఎరువు తొట్టి పెట్టుకున్నాను. ఉప్పు తగిలితే ఇవి చస్తాయని ఆ రోజే చెప్పింది. పిల్లల్లేని అక్క మా పాపను చంక దించేది కాదు.

ఒకసారి పాపకు మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు. అత్తమ్మ ఉప్పుతో దిష్టి తీసి, చెంబు నీళ్ళలో కలిపి, "ఎవురూ తొక్కని తావున పోసి రా" అంది. చుట్టూ సిమెంటు నేలే. కంగారులో తొట్టిలో పోసేశాను.

తెల్లారేసరికి పాపకు జ్వరం తగ్గింది. తొట్టి మూత తీస్తే వానపాములన్నీ ముద్దగా చచ్చి ఉన్నాయి. రాణి అక్క మాట అప్పుడు గుర్తొచ్చింది.

అత్తమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఏం దిష్టి ఇది! పురుగులే చచ్చినాయంటే బిడ్డ ఏమై ఉండునో! ఆ గొడ్డుదాని కన్నే. ఇంక గడప తొక్కనీయబాక."

ఉప్పు సంగతి చెప్పకుండా నేను తొట్టి మూత పెట్టేశాను.

సాయంత్రం రాణి అక్క రోజూలాగే తొట్టికి కూరగాయల తొక్కులు తెచ్చింది. "పాపకెట్టుంది?" అంది. అత్తమ్మ నా వైపు చూసింది. నేను లేచి తలుపు వేశాను.

అత్తమ్మ తెలియక అంది. తెలిసి తలుపు వేసినదాన్ని నేను.