మేనమామ ఫొటో ఉండాల్సిన చోట దీపం

గురజాలలో ఒక ఓణీల ఫంక్షన్ గుమ్మం ముందు, బతికున్న మనిషికి నేను నివాళి అర్పించాను. అదీ పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద, రంగుల్లో. ఆ నివాళి అందుకున్న కోటయ్య గారు కొత్త పంచె కట్టుకుని, మేనకోడలికి తెచ్చిన ఓణీ పళ్లెంతో సరిగ్గా దాని కిందే నిలబడ్డారు.

ఈ ఘనకార్యానికి మూలం కారు పందేల ఆట.

మా ఆవిడ సునీత ఇంట్లోనే ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంది. ఆ కంప్యూటర్‌ను నడిపేది లినక్స్. నా ఆటకేమో విండోస్ కావాలి. కంప్యూటర్ లోపలే వర్చువల్ మెషీన్ అనే ఉత్తుత్తి కంప్యూటర్‌ను తయారుచేసి, అందులో విండోస్ వేసి, తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డును దానికి అప్పగిస్తే ఆట పరుగులు తీస్తుందని ఒక వీడియోలో చూశాను. కార్డులు రెండుంటే మంచిదని కూడా చెప్పారట. ఆ ముక్క వచ్చేసరికి నేను టీ కోసం లేచాను.

మాకున్నది ఒకటే. ఇంట్లో ఉన్న ఒక్క బల్బూ పీకి అద్దెకొచ్చినవాడి గదిలో పెట్టినట్టు, దాన్ని లోపలి మెషీన్‌కు ఇచ్చేశాను. స్విచ్చి వేస్తే నేరుగా ఆటే మొదలయ్యేలా కూడా పెట్టాను.

ఫంక్షన్ ముందురోజు, ఆ ఫ్లెక్సీ ప్రింటుకు పంపాలని సునీత స్విచ్చి వేసింది. తెర నిండా ఎర్ర కారు. కింద, ఏదైనా ఒక కీ నొక్కమని విన్నపం. ఇద్దరం వంతులేసుకుని ఉన్న కీలన్నీ నొక్కాం. కార్డు ఇచ్చాను గానీ, కీబోర్డూ మౌసూ ఇవ్వడం మరిచాను.

"నా ఫ్లెక్సీ ఏదయ్యా?"

"లోపల భద్రంగా ఉంది."

"ఏడ లోపల?"

"కారు వెనకాల."

"నలభై మంది చుట్టాల ఫొటోలుండయ్ అందులో. ఒక్కరు తగ్గినా రేపు కుర్చీలు లేస్తయ్."

ప్రింటింగ్ షాపుకు పరుగెత్తి, వాళ్ల కంప్యూటర్లో మళ్లీ మొదలుపెట్టింది. ముప్పై తొమ్మిది ఫొటోలు ఫోన్లో దొరికాయి. నలభయ్యోది అమ్మాయి మేనమామ కోటయ్య గారిది. స్మార్ట్‌ఫోన్ లేని మనిషి, నూజెండ్ల నుంచి కాగితం ఫొటో బస్సులో పంపించారు. స్కాన్ చేసి తిరిగి పంపేశాం. ఆ స్కాన్ కూడా కారు వెనకాలే ఉండిపోయింది. పేరు పైన గుండ్రటి ఖాళీ మిగిలింది.

"ఖాళీగా వదలొద్దు. దీపం బొమ్మ పెట్టు, శుభంగా ఉంటుంది," అన్నాను.

"దీపమా?" అంది సునీత.

"పేపర్లో పనిచేసేవాణ్ని, నాకు తెలీదా?"

రోజూ సంతాప వార్తలు దిద్దే చెయ్యి నాది.

మర్నాడు దూరపు చుట్టం ఒకాయన ఫ్లెక్సీ కేసి చూసి, పక్కనున్న మనిషిని అడిగాడు.

"ఎప్పుడు జరిగిందయ్యా?"

"ఏంది జరిగింది?"

"కోటయ్య పోవడం. చానా మంచోడు."

"కోటయ్యను నేనే."

కోటయ్య గారు తలెత్తి దీపాన్ని తీరిగ్గా చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చారు.

"పేపరాయనవంట గదా. నేను పోయింది పొద్దున్నా, మాపున్నా?"

ఆయన ఓణీ అందించి, అక్షింతలు వేసి, అన్నం తినకుండా వెళ్లిపోయారు.

ఉన్న ఒక్క కార్డును ఇంకెవరికీ ఇవ్వనని, చుట్టాల వరుసలో దీపం వెలిగించనని కీబోర్డు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. మెకానిక్ వచ్చి కార్డును విడిపించాక పాత ఫైలు తెరుచుకుంది. నలభయ్యో గుండ్రంలో కోటయ్య గారు మీసం కింద నవ్వుతున్నారు.

సునీత ఆ ఫ్లెక్సీని కొత్తగా ప్రింటు తీయించి అదే బస్సులో నూజెండ్ల పంపింది. మూడేళ్లయింది. అందినట్టు కబురు లేదు. ఆయన మేనకోడలి ఇంటి గడప తొక్కనూ లేదు.