అయిదు కుర్చీల ఇంజను

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది: పాఠం అర్థం కాకపోతే తప్పు విన్నవాడిదే. తాడేపల్లిగూడెంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరి విమానాల ఇంజన్లు చెబుతుండేవాణ్ణి (విమానం ఎక్కిన పాపాన పోలేదు లెండి). నెల తిరక్కుండానే పిల్లలు ప్రిన్సిపాల్‌గారి దగ్గర మొరపెట్టుకున్నారు. ఆయన నన్ను పిలిచి, కుర్చీ వేయించి మరీ, "సోమవారం మీ క్లాసుకి నేనూ వస్తానండి. నాకు అర్థమైతే సరే. లేకపోతే ఆ సబ్జెక్టు ఇంకొకరికి ఇద్దాం, ఏమీ అనుకోకండేం" అన్నారు. అంత మెత్తగా బెదిరిస్తే భయం మరీ ఎక్కువ వేస్తుందని అప్పుడే తెలిసింది.

ఏలూరులో మా పెద్దమ్మ ఉండేది. టీచరుగా రిటైరై చర్చిలో స్త్రీల సమాజం నడిపేది. నా గోడు విని, "ఆదివారం మా మీటింగులో ఆ పాఠం చెప్పరా. మాకు అర్థమైతే మీ ప్రిన్సిపాల్‌గారికీ అవుతుంది" అంది. పాసింజరెక్కి వెళ్లి, బోర్డు మీద బొమ్మ వేసి మొదలుపెట్టాను. విమానాలింకా ఎగరడం నేర్చుకుంటున్న కాలంలో, బరువు తక్కువా బలం ఎక్కువా ఉన్న ఇంజను దొరకడం గగనం. ఒకాయన మొత్తం ఇంజనే గిర్రున తిరిగేలా ఒకటి తయారుచేశాడు. బలం చాల్లేదు. ఇంకో ఇంజనీరు దాన్నే తీసుకుని, సిలిండర్లు కదలకుండా బిగించి, మధ్యలో ఇరుసు మాత్రం తిరిగేలా మార్చాడు. బండిచక్రం ఆకుల్లా, ఇరుసు చుట్టూ అయిదు సిలిండర్లు. "ఈ రకానికి బేసి సంఖ్యే ఉండాలండి" అన్నానో లేదో పెద్దమ్మ చెయ్యెత్తింది.

"బేసి ఎందుకు? ఆరుంటే ఏం?"

"పుస్తకంలో అంతే ఉందండి."

"పుస్తకం సంగతి సరే. నీకు తెలుసా?"

తెలీదు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టనైనా లేదు. ఆ మాటే ఒప్పేసుకున్నాను. పెద్దమ్మకి మాత్రం హుషారొచ్చింది. "అయితే చూద్దాం పదండి" అంటూ ఆరు కుర్చీలు గుండ్రంగా వేయించి, తానూ ఆరో కుర్చీలో కూర్చుంది. ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరులో పెట్రోలు ఒక్కసారే పేలుతుంది, పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండాలి గనక, ఒకరిని వదిలి ఒకరు లేచి "ఢాం" అనాలని చెప్పాను. ఒకటి ఢాం, మూడు ఢాం, అయిదు ఢాం, మళ్లీ ఒకటి ఢాం. రెండో కుర్చీలో కొల్లేటికోట నుంచి వచ్చిన ఓ పిన్నిగారు లేవడానికి కొంగు బిగించి సిద్ధంగా ఉన్నారు. రెండు చుట్లయ్యాయి, మూడయ్యాయి.

"ఏం బాబూ, నేనేం పాపం చేశానండీ? నా వంతు రాదా?"

రాదు! రెండు, నాలుగు, ఆరు ఎన్నటికీ పేలవు! పెద్దమ్మ గబుక్కున లేచి తన కుర్చీ లాగేసింది. "ఇప్పుడనండి." ఒకటి, మూడు, అయిదు, ఆ తర్వాత ఒకటిని వదిలేస్తే... రెండు! పిన్నిగారు "ఢాం!" అన్న అరుపుకి పక్కగదిలో పాటలు నేర్చుకుంటున్న పిల్లలు పాట ఆపేసి పరిగెత్తుకొచ్చారు. తర్వాత నాలుగు, మళ్లీ ఒకటి. రెండు చుట్లలో అందరి వంతూ వచ్చేసింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

"ఇంతకీ ఆ ఇంజను పెట్టిన విమానం ఎగిరిందా?" అన్నారు పిన్నిగారు.

"లేదండి. పడవ మీంచి వదిలితే నదిలో పడింది. ఇంజను బాగానే ఆడింది, విమానమే మునిగింది."

"అయ్యో, అందులో మనిషి?"

"ఆ ఇంజనీరే నడిపాడండి. తడిసి బయటికొచ్చాడు."

"అమ్మయ్య" అని కొంగు వదులు చేసుకున్నారావిడ. నేను అన్నిసార్లు చదివానా, నదిలో పడ్డవాడు బతికాడా అని ఒక్కసారీ కంగారుపడలేదు!

సోమవారం క్లాసులోనూ కుర్చీలే వేయించాను. ప్రిన్సిపాల్‌గారు నాలుగో కుర్చీలో కూర్చుని, వంతు రాగానే కళ్లజోడు జారిపోయేలా లేచి "ఢాం" అన్నారు. సబ్జెక్టు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఇంజను గురించి ఎవరేమడిగినా తడుముకోకుండా చెబుతాను. కానీ జవాబు తెలీక బోర్డు పక్కన బిక్కమొహం వేసుకుని, మరుక్షణం ఆడవాళ్ల మధ్య చప్పట్లు కొట్టిన ఆ కుర్రాడికి కలిగినంత సంతోషం, ఎన్ని జవాబులు తెలిసినా మళ్లీ నాకు దొరకలేదండి.